ఒట్టు తీసి గట్టు మీద

కుట్టుమిషన్ గది,
జులై 4

ఒసే పుస్తకాల పురుగూ,

పిల్లల ప్రవర్తన చూసే క్లినిక్‌లో నీకు ఉద్యోగం వచ్చిందని తెలిసిన దగ్గర్నుంచి మీ బావ తన బస్సెక్కిన ప్రతివాళ్లకీ చెబుతున్నాడు. బ్రేకు వేసినప్పుడల్లా చెబుతున్నాడని కండక్టర్ ఫిర్యాదు. సంతోషమే. కానీ నీ మొదటి కేసు ఇంట్లోనే తగిలింది.

మన పిడుగు మళ్లీ కరిచింది. ఈసారి తోటిపిల్లని కాదు, క్లాస్ టీచర్నే. ముంజేతి మీద ఆరు పళ్ల గుర్తులు. ముందు పళ్లు రెండు ఊడాయి కాబట్టి ఆరు, లేకపోతే ఎనిమిది అని మీ బావ లెక్క. నవ్వకు.

బడి తెరిచి నాలుగు వారాలు కాలేదు, తొమ్మిదిసార్లు ఇంటికి పంపించేశారు. ఆయా చెయ్యి పట్టుకుని తీసుకొస్తుంది. గుమ్మంలో వదిలి, పార్సెల్ ఇచ్చినట్టు నాచేత పుస్తకంలో సంతకం పెట్టించుకుని వెళ్తుంది. ఒకటో క్లాసులో దీనికే మంచి నడవడిక అని రిబ్బను కట్టి పంపారు. రెండో క్లాసుకి వచ్చేసరికి ఏ గాలి సోకిందో. ఇంట్లో చూస్తే బుద్ధిమంతురాలు. చెబితే ఎవరూ నమ్మరు.

నిన్న హెడ్‌మిస్ట్రెస్ చీటీ పంపింది. ఈ టర్మ్ ఆఖరుకి మారకపోతే వేరే బడి చూసుకోవాలట. ఆ బడి యూనిఫాం గౌన్లు ఈ ఏడాది రెండు వందలు కుట్టాను. నా కూతురి గౌను ఒక్కటే ఆ బడి గేటు దాటకుండా పోయేట్టుంది.

నువ్వేమైనా చెప్పగలవా?

అక్క


క్లినిక్ వెనక గది,
జులై 9

అక్కకి,

చెప్పగలను! నీ ఉత్తరం చదివి రెండు రోజులు పుస్తకం వదల్లేదు. ఇక్కడ నేనింకా నేర్చుకునేదాన్నే. ఫైళ్లు సర్దుతాను, బొమ్మలు తుడుస్తాను, డాక్టరమ్మ చెప్పింది రాసుకుంటాను. ఎవరితోనూ మాట్లాడింది లేదు. ఇనప బీరువాకి నా గొంతు తెలుసు, అంతే. కానీ బీరువా నిండా పుస్తకాలున్నాయి.

నాలుగో అధ్యాయంలో ఒక పట్టిక ఉంది. తరచు కోపం తెచ్చుకోవడం, పెద్దలు చెప్పింది కావాలని వినకపోవడం, ఎదుటివాళ్లని కావాలని విసిగించడం. మొత్తం ఎనిమిది లక్షణాలు. అందులో ఐదు పిడుగువే! దాని పేరు "ఎదురుతిరిగే ప్రవర్తన రుగ్మత". పేరు దొరికితే సగం దారి నడిచినట్టే కదా అక్కా. బడివాళ్లకి కూడా చెప్పు, ఇది పొగరు కాదు, రుగ్మత అని. అప్పుడు కాస్త జాలి చూపిస్తారు.

నాకు ఎంత సంతోషంగా ఉందో! మొదటిసారి నా చదువు నీకు పనికొచ్చింది.

నీ చెల్లి


కుట్టుమిషన్ గది,
జులై 18

చెల్లీ,

నువ్వు చెప్పినట్టే నీ ఉత్తరం హెడ్‌మిస్ట్రెస్ చేతిలో పెట్టాను. ఆవిడ రెండుసార్లు చదివి, ఆ పేరు కింద ఎర్ర గీత గీసి, పిడుగు రిజిస్టర్ పేజీలో అంటించింది.

"మీ ఇంట్లోవాళ్లే ఒప్పుకున్నారు కదమ్మా. ఇలాంటి పిల్లల్ని చూసుకునే ఏర్పాటు మా దగ్గర లేదు" అంది.

"మరి సీటు?"

"సెప్టెంబరు ముప్పైన కమిటీ కూర్చుంటుంది. నా మాట అడిగితే ఆశ పెట్టుకోవద్దనే అంటాను. మొక్కై వంగనిది మానై వంగుతుందా?"

ఇంకో మాట రాయకూడదనుకున్నాను, రాస్తున్నాను. ఆయా ఎవరితోనో అంటుంటే విన్నట్టుంది, అన్నం తింటూ పిడుగు అడిగింది: "అమ్మా, రుగ్మత అంటే ఏంటి? నాకు అది ఉందట. పళ్లలో ఉంటుందా?"

నీ మీద కోపం లేదు. కానీ నేనైతే కొలతలు తీయకుండా గుడ్డకి కత్తెర పెట్టనే.

అక్క


క్లినిక్ వెనక గది,
జులై 22

అక్కకి,

నీ ఉత్తరం చదివాక మధ్యాహ్నం అన్నం తినలేదు. ఆ తర్వాత, నా జీవితంలో ఎప్పుడూ చెయ్యని పని చేశాను. పిలవకుండానే డాక్టరమ్మ గదిలోకి వెళ్లి, అంతా చెప్పేశాను.

ఆవిడ కళ్లజోడు తీసి బల్ల మీద పెట్టింది.

"పిల్లని చూశావా?"

"మా అక్క కూతురే మేడమ్."

"నేనడిగింది చుట్టరికం కాదు. చూశావా?"

"లేదు మేడమ్."

"ఎన్ని నెలల నుంచి ఉంది?"

"ఒకటి... ఒకటిన్నర."

"నీ పుస్తకం ఎన్ని నెలలు ఉండాలంది?"

"ఆరు."

"ఇంట్లో బుద్ధిగా ఉంటుందని మీ అక్క రాసింది. ఆ వాక్యం నీకు అడ్డం రాలేదా? ఉత్తరం చూసి జబ్బు పేరు పెట్టావు. ఇంక పురుడు కూడా పోస్టులోనే పోస్తావా?"

నేను ఏడ్చాను. ఆవిడ మంచినీళ్లు ఇచ్చి, తర్వాత నోట్‌బుక్ ఇచ్చింది. ఇప్పుడు మనం చెయ్యాల్సినవి రాస్తున్నాను, శ్రద్ధగా చదువు.

ముందు పిడుగుకి చెవులు, కళ్లు పరీక్ష చేయించు. సరిగ్గా నిద్రపోతోందో లేదో చూడు. వినపడని పిల్ల, కనపడని పిల్ల, నిద్ర చాలని పిల్ల, అందరూ మొండిపిల్లల్లాగే కనిపిస్తారట. ఆ తర్వాత నోట్‌బుక్‌లో మూడు గళ్లు గియ్యి: ముందు, అప్పుడు, తర్వాత. కరవడానికి ముందు ఏం జరిగింది, అప్పుడేం చేసింది, తర్వాత పెద్దవాళ్లు ఏం చేశారు. టైం తప్పకుండా వెయ్యాలి. కాన్వెంట్‌లో సిస్టర్ మన చేత మార్జిన్లు గీయించేది చూడు, అంత శుభ్రంగా. ఒక్క మాట మాత్రం ఆ పుస్తకంలో కనపడకూడదట: "ఊరికే".

సెప్టెంబరు ఇరవైన డాక్టరమ్మ పిడుగుని స్వయంగా చూస్తుంది. రైలు టిక్కెట్లు తీసుకోండి. ఈ కవరులో హెడ్‌మిస్ట్రెస్‌కి నా ఉత్తరం కూడా ఉంది. మూడే వాక్యాలు. నేను డాక్టర్ని కాను. పిల్లని చూడకుండా రాశాను. అది తప్పు. కింద డాక్టరమ్మ సంతకం చేసింది.

పిడుగుతో చెప్పు, దానికేమీ లేదని కాదు, ఏముందో పిన్నికి తెలీదని. తెలీకుండా వాగిందని.

నీ చెల్లి


కుట్టుమిషన్ గది,
ఆగస్టు 14

ఒసే పురుగూ,

చెవులు బాగున్నాయి. పక్కింటి వాళ్ల మూకుడు చప్పుడు కూడా వింటుంది. కళ్లు ఇంకా బాగున్నాయి. చార్టులో ఆఖరి వరుస చదవమంటే, దాని కింద చీమ తలంత అక్షరాల్లో ఉన్న ప్రెస్సు పేరు చదివింది. కళ్ల డాక్టరే కళ్లజోడు పెట్టుకుని చూసుకోవాల్సి వచ్చింది. నిద్రా బాగానే పోతుంది.

నోట్‌బుక్ సంగతి. మొదటి వారం నేను రాసినది నీకు పంపడానికి సిగ్గేసింది. "ముందు: ఏమీ లేదు. అప్పుడు: కరిచింది. తర్వాత: ఇంటికి పంపారు." ఐదు రోజులూ అదే. ఇంట్లో కూర్చుని బడి సంగతి నేనేం రాస్తాను? పుస్తకం పట్టుకెళ్లి క్లాస్ టీచర్ని బతిమాలాను. చిన్నపిల్ల, నీ ఈడుదే. "ఇవ్వండి, రాస్తాను. నాకూ తెలుసుకోవాలనే ఉంది, కరిపించుకునేది నేనే కదా" అంది. ఆవిడ రాసినవి కొన్ని దింపుతున్నాను:

"ఆగస్టు 5, పదీ నలభై. ముందు: లెక్క మధ్యలో లేచి వెనక కిటికీ దగ్గరికి వెళ్లింది. రమ్మంటే రాలేదు. చెయ్యి పట్టి లాగాను. అప్పుడు: కరిచింది. తర్వాత: ఇంటికి."

"ఆగస్టు 7, పదీ నలభై ఐదు. ముందు: ఎండ పడుతోందని వెనక కిటికీ మూశాను. అప్పుడు: పలక విసిరింది. తర్వాత: ఇంటికి."

"ఆగస్టు 12, పదీ ముప్పై ఐదు. ముందు: కిటికీ దగ్గర నిలబడనిచ్చాను. ఏదో వెతుకుతోంది. ఏం చూస్తున్నావే అన్నాను. చెప్పకూడదు అంది. వచ్చి కూర్చోమన్నాను. అప్పుడు: నన్ను తోసి గుమ్మం వైపు పరిగెత్తింది. తర్వాత: ఇంటికి."

ఆవిడ రాసినవి మొత్తం ఎనిమిది ఉన్నాయి, పుస్తకమే పంపుతున్నాను. నాకు ఇందులో కనిపించిందల్లా నా కూతురి పొగరు. నీకేం కనిపిస్తుందో చూడు. నెలన్నరే ఉంది.

అక్క


క్లినిక్ ముందు గది (వెనక గది కాదు!),
ఆగస్టు 19

అక్కా! అక్కా!

కాగితం మీద పెద్ద గడియారం గీశాను. కరిచిన చోట ఒక చుక్క, విసిరిన చోట ఒక చుక్క. ఎనిమిది చుక్కలు పెట్టాక చూస్తే ఏడు ఒకే చోట కుప్పపడ్డాయి. పదిన్నరకీ పదకొండుకీ మధ్య! మధ్యాహ్నం ఒక్కటీ లేదు. ఆటల పీరియడ్‌లో లేదు. ఎదురుతిరిగే పిల్లయితే గడియారం చూసుకుని ఎదురుతిరుగుతుందా?

నేను కుర్చీలోంచి లేచి "మేడమ్, గడియారం!" అని అరిచానట. ముందు గదిలో ఉన్న తల్లులంతా గోడ గడియారం వైపు చూశారు. ఈ క్లినిక్‌లో నా గొంతు పైకి రావడం అదే మొదలు. డాక్టరమ్మ వచ్చి కాగితం చూసింది. తన కుర్చీ జరిపి "కూర్చో, మిగతాది చెప్పు" అంది.

మిగతాది ఇది. "ముందు" గడిలో ఎప్పుడూ వెనక కిటికీ. "తర్వాత" గడిలో ఎప్పుడూ ఇల్లు. పిడుగు కరుస్తోంది, ఇల్లు చేరుతోంది. దానికి ఇంటికి రావాలి. ఎందుకో మనకి తెలీదు. అందుకని ప్రశ్నలు:

ఆ వెనక కిటికీలోంచి ఏం కనిపిస్తుంది?

ఇంటికి రాగానే మొదట ఏం చేస్తుంది? ఆయా వెళ్లాక, నువ్వు తిట్టక ముందు.

"చెప్పకూడదు" అంది కదా. చెప్పకూడదని దానికి ఎవరు చెప్పారు?

అక్కా, బడి తెరవక ముందు ఏదైనా ఒక రోజు, పదీ నలభైకి, ఇంట్లో ఏమైనా జరిగిందా? నాకు రాయనిది ఏమైనా ఉందా?

నీ చెల్లి


కుట్టుమిషన్ గది,
ఆగస్టు 25

చెల్లీ,

కిటికీలోంచి మా మేడ కనిపిస్తుంది. బట్టలు ఆరేసే తాడు కనిపిస్తుంది. నిన్న వెళ్లి ఆ కిటికీ దగ్గర నిలబడి చూశాను. ఒకటో క్లాసు కింద ఉండేది, రెండో క్లాసు పైన.

ఇంటికి రాగానే అది గ్లాసుతో నీళ్లు తెచ్చి నాకిస్తుంది. "తాగమ్మా" అంటుంది. తాగేదాకా నిలబడుతుంది. తర్వాత మిషన్ కింద, నా కాళ్ల దగ్గర కూర్చుంటుంది. తప్పు చేసి వచ్చి కాకా పడుతోందనుకున్నాను.

మే నెలాఖరున మేడ మీద బట్టలు ఆరేస్తూ పడిపోయాను. క్లిప్పులు అందిస్తూ అది పక్కనే ఉంది. కళ్లు తెరిచేసరికి బకెట్ నీళ్లన్నీ నా మీద ఉన్నాయి. నా చేతి గడియారం దాని చేతిలో ఉంది. అప్పుడే టైం చూడడం నేర్చుకుంటోంది. "చిన్నముల్లు పది దాటిందమ్మా, పెద్దముల్లు ఎనిమిది మీద ఉంది. నువ్వు ఎంతకీ లేవలేదు" అంది.

ఎవరికీ చెప్పలేదు. బస్సు నడిపే మనిషికి ఇంటి బెంగ పెట్టకూడదనుకున్నాను. బడి తెరిచే రోజులు, రెండు వందల గౌన్లు. జూన్‌లో ఇంకోసారి కళ్లు తిరిగి గోడ పట్టుకుని కూర్చుండిపోయాను. అదీ చూసింది.

దాని చెయ్యి నా తల మీద పెట్టించుకుని అన్నాను: "నాన్నకి చెప్పకు, పిన్నికి చెప్పకు, ఎవ్వరికీ చెప్పకు. నా మీద ఒట్టు."

ఒట్టు తప్పితే అమ్మకి ఏమవుతుందని ఏడేళ్ల పిల్ల అనుకుంటుందో నాకు అప్పుడు తట్టలేదు. నీ ప్రశ్న చదివాక తట్టింది. అప్పటినుంచి మిషన్ తొక్కలేకపోతున్నాను.

అక్క


క్లినిక్ ముందు గది,
ఆగస్టు 29

అక్కకి,

నువ్వు ఏడుస్తున్నావని తెలుసు. కళ్లు తుడుచుకుని చదువు, ఎందుకంటే ఇది మంచి ఉత్తరం.

పిడుగు కాపలా కాస్తోందక్కా! రోజూ పదీ ముప్పై ఐదుకి లేచి, తాడు దగ్గర అమ్మ నిలబడి ఉందో లేదో చూసుకుంటోంది. కనపడకపోతే ఇంటికి రావాలి. చెప్పి రావడానికి లేదు, ఒట్టు. కరిస్తే పంపిస్తారు. ఆ సంగతి దానికి నేర్పింది బడివాళ్లే, తొమ్మిదిసార్లు. వాళ్లు శిక్ష అనుకుని ఇచ్చారు, అది వరమనుకుని తీసుకుంది. డాక్టరమ్మ అంది, "ఆ వయసులో ఇంత పకడ్బందీగా డ్యూటీ చేసే పిల్లని నేను చూడలేదు" అని!

ఇప్పుడు చెయ్యాల్సినవి. మొదటిది, రేపే నీకు రక్తపరీక్ష. నువ్వు బాగుపడకుండా దాన్ని బాగుచెయ్యలేం. రెండోది, బావకి చెప్పడం. మూడోది, ఒట్టు తియ్యడం. వేసినదానివి నువ్వే, తియ్యాల్సిందీ నువ్వే.

నాలుగోది బడిలో. కరిచాక ఏం చెయ్యాలని అందరూ అడుగుతారు. చేతులు కాలాక ఆకుల గురించి అడిగినట్టే అది అంటుంది డాక్టరమ్మ. పదీ ముప్పై ఐదుకి, భయం మొదలవక ముందే, అమ్మ బాగుందన్న గుర్తు ఒకటి దానికి అందాలి. తప్పు చేసినా ఇంటికి పంపకూడదు. ఆ గుర్తు ఏమిటో నా పుస్తకంలో లేదు. ఈసారి నేను ఉత్తరంలో కనిపెట్టను. మీరిద్దరూ కూర్చుని ఆలోచించండి.

నీ చెల్లి


కుట్టుమిషన్ గది,
సెప్టెంబరు 8

ఒసే పురుగూ,

నా ఒంట్లో ఉండాల్సిన రక్తంలో సగమే ఉందట! ఐరన్ మాత్రలు ఇచ్చారు. మీ బావకి చెబితే అరవలేదు. "ఇన్నాళ్లూ ఇంట్లో డ్రైవర్ని నేననుకున్నాను, బండి నడుపుతోంది ఇదన్నమాట" అని పిడుగు నెత్తి మీద తన టోపీ పెట్టాడు. అది కళ్ల దాకా దిగిపోయింది.

ఆదివారం మధ్యాహ్నం దాన్ని కిటికీ దగ్గర కూర్చోబెట్టుకున్నాను.

"ఆ రోజు ఒట్టు వేయించాను చూడు, అది తీసేస్తున్నానే."

"ఊరికే తీసేస్తే పోదు."

"మరి?"

"ఒట్టు తీసి గట్టు మీద పెట్టాలి. అలా అనాలి, పెట్టాలి. రెండూ చెయ్యాలి."

మన చిన్నప్పుడు ఎన్ని ఒట్లు తీసి గట్టు మీద పెట్టలేదే మనం! దాని చెయ్యి మళ్లీ నా తల మీద పెట్టించుకుని, అక్కణ్నుంచి తీసి కిటికీ గట్టు మీద పెట్టి, గట్టిగా అన్నాను. అది ఆ చేతిని గట్టుకేసి రుద్దింది, జిగురు వదిలించుకున్నట్టు. అప్పుడు ఏడ్చిందే. ఒకటే ఏడుపు. ఏడుపు మధ్యలో మే నెల నుంచి దాచినదంతా వాళ్ల నాన్నకి చెప్పింది. నేను ఎటు ఒరిగానో, చెప్పు ఎక్కడ ఊడిందో, అన్నీ.

గుర్తు సంగతి అదే తేల్చింది. నేను తెల్ల గుడ్డ ఆరేస్తానన్నాను. "తెల్లవి అందరి తాళ్ల మీదా ఉంటాయి. ఆకుపచ్చది చెట్లలో కలిసిపోతుంది. పసుపుది పెట్టు" అంది. అస్తరు గుడ్డ మిగిలితే అంచు మడిచి కుట్టాను. పది దాటి ముప్పై నిమిషాలకి నేను ఆరేస్తాను, ఐదు నిమిషాల తర్వాత అది కిటికీ దగ్గరికి వెళ్తుంది. పది అంకెలు లెక్కపెట్టి వచ్చి కూర్చుంటుంది. క్లాస్ టీచర్ ఒప్పుకుంది. హెడ్‌మిస్ట్రెస్ మాత్రం "చూద్దాం" అంది. ఆవిడ చూద్దాం అంటే నాకు చలేస్తుంది.

వారం లెక్క: కరవడం సున్నా. తోయడం ఒకటి. ఇంటికి పంపలేదు, కిటికీ పక్క బెంచీ మీద కూర్చోబెట్టారు.

అక్క


క్లినిక్ ముందు గది,
సెప్టెంబరు 22

అక్కకి,

మీ రైలు కదిలాక నేను ప్లాట్‌ఫాం మీద చాలాసేపు నిలబడ్డాను. పిడుగు కిటికీలోంచి అరిచిన మాట ఇంకా చెవిలో ఉంది: "పిన్నీ, నువ్వు మాట్లాడతావని అమ్మ చెప్పలేదే!"

రిపోర్టు ఇవాళ తయారైంది. డాక్టరమ్మ రెండు గంటలు దానితో ఆడింది, మీతో మాట్లాడింది, టీచర్ నోట్‌బుక్ రెండుసార్లు చదివింది. రుగ్మత అని పేరు పెట్టే ఆధారాలు లేవు, తల్లి ఆరోగ్యం గురించిన భయం ఉంది, ఏర్పాటు పనిచేస్తోంది, ఆరు నెలలకి మళ్లీ చూడాలి. ఆఖరున "పరిశీలన" అన్న చోట నా చేత సంతకం పెట్టించింది. "పిల్లని చూశావా?" అంది. "చూశాను మేడమ్" అన్నాను.

కమిటీకి రిపోర్టు పంపాం. గుడ్డ మర్చిపోకు.

నీ చెల్లి


కుట్టుమిషన్ గది,
సెప్టెంబరు 30, సాయంత్రం

ఒసే, ఒసే, ఒసే పురుగూ!

ముందు తీర్పు చెప్పేస్తాను, లేకపోతే నువ్వు ఆఖరి లైను ముందు చదివేస్తావు. సీటు ఉంది! కమిటీ నాలుగు నిమిషాల్లో లేచింది. నీ జులై ఉత్తరాన్ని రిజిస్టర్‌లోంచి హెడ్‌మిస్ట్రెస్సే బ్లేడుతో ఊడదీసి నాకిచ్చింది. మొక్కల మాట ఎత్తలేదు. ఇంటికి పంపే పద్ధతి రెండో క్లాసు వరకు ఆపేశారట, మిగతా క్లాసుల సంగతి "చూద్దాం" అట. ఇప్పుడు ఉదయం ఏం జరిగిందో విను.

గుడ్డ మర్చిపోయాను.

అవునే, ఇవాళే! కమిటీకి కట్టుకెళ్లే చీర ఇస్త్రీ చేస్తూ, నీ రిపోర్టు నాలుగోసారి చదువుకుంటూ గడియారం చూసేసరికి పదకొండూ ఇరవై. పసుపు గుడ్డ మిషన్ మీదే ఉంది. ఆ గుడ్డ చేత్తో పట్టుకుని, మెడలో కొలతల టేపుతో, ఒక కాలికి నాది, ఇంకో కాలికి మీ బావది చెప్పు వేసుకుని పరిగెత్తాను. రెండు వీధులు. మెట్లెక్కేసరికి క్లాసు గుమ్మంలో ఎవరున్నారనుకున్నావు? హెడ్‌మిస్ట్రెస్. చేతిలో రిజిస్టర్. అయిపోయింది అనుకున్నాను.

లోపల పిడుగు నిలబడి పాఠం చదువుతోంది. పైకి చదువుతోందే, వేలు పెట్టి! నన్ను చూసి ఆపింది.

"ఏంటమ్మా, ఇలా వచ్చావ్? క్లాసు జరుగుతోంది కదా."

"గుడ్డ ఆరేయడం మర్చిపోయానే."

అది పాఠం మీద పెట్టిన వేలు తియ్యకుండానే కిటికీ వైపు చూసింది.

"నేను చూడ్డం మర్చిపోయా" అంది. "ఇంటికెళ్లి నీళ్లు తాగు. ఎండలో పరిగెత్తకు."

క్లాసంతా నవ్వింది. టీచర్ నవ్వింది. హెడ్‌మిస్ట్రెస్ నవ్వలేదు, నీకు తెలుసుగా ఆవిడ సంగతి. నా మెడలో టేపు చూసింది, కాళ్లకి చెప్పులు చూసింది, రిజిస్టర్ మూసింది. ఆయాని పిలిచి, "ఈమెని ఇంటికి పంపించెయ్" అంది.

ఆయా నా చెయ్యి పట్టుకుని తీసుకొచ్చింది. గుమ్మంలో వదిలింది. పుస్తకం తీస్తుందేమో అని నిలబడ్డాను. సంతకం అడగలేదు.

అక్క